చిన్న బటన్ చిన్నబుచ్చుకోకూడదని

దసరా వెళ్లి నాలుగు రోజులే అయింది. సీపీయూ డబ్బా పక్కరేకు ఇంకా మంచం కిందే ఉంది. దాని నాలుగు స్క్రూలలో మూడు దొరికాయి.

రోగం ఇది: ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, మదర్‌బోర్డు కంపెనీ బొమ్మ ఇలా వచ్చి అలా పోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. విండోస్ దాకా వెళ్తేగా, విండోస్‌ని తిట్టుకోవడానికి!

ఇలాంటప్పుడు కాస్త తెలిసినవాళ్లం ముందుగా అనుమానించేది ర్యామ్‌ని, అంటే బోర్డులో గుచ్చే మెమరీ పట్టీని. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి లోపల మిగిలిన కరెంటు దిగనివ్వాలి. ర్యామ్ తీసి బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఆ పొట్టు దులిపి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. నొక్కాం. నాలుగు స్లాట్లుంటే ఒకే స్టిక్కు, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి చూడాలి. చూశాం. సీఆర్ 2032 బటన్ సెల్లు తీసి, అయిదు నిమిషాలాగి మళ్లీ పెట్టాం. విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్ని లేపే బయోస్ తన సెట్టింగులు, తేదీ, టైము అన్నీ మర్చిపోయింది. రీస్టార్ట్ అవడం ఒక్కటే మర్చిపోలేదు.

తరువాత ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు పంచే పెట్టె. దాని 24 పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ వైరుకూ పక్కనున్న నల్ల వైరుకూ మధ్య పేపర్ క్లిప్పు వంచి పెడితే బోర్డు లేకుండానే తిరుగుతుంది. మీటర్ పెడితే పసుపు వైరు 12.1 వోల్టులు, ఎరుపు 5.03, నారింజ 3.32. ఉండాల్సినవి 12, 5, 3.3. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే పసుపుకి 11.4 నుంచి 12.6 దాకా. ఇదేమో మడి కట్టుకున్నట్టు 12.1 దగ్గరే కూర్చుంది. లోడ్ లేకుండా కొలిచిన లెక్కను పూర్తిగా నమ్మకూడదు గానీ, ఆ పూటకి నమ్మేశాం.

ఇక రిపేరు షాపు. అక్కడి కుర్రాడు బోర్డు మొత్తం బయటికి తీసి అట్టపెట్టె మీద పరిచి, స్క్రూడ్రైవర్ మొనతో పవర్ బటన్ తాలూకు రెండు పిన్నులు కలిపాడు. లేచి కూర్చుంది. అరగంట సేపు ఏ పేచీ లేకుండా హాయిగా నడిచింది. మళ్లీ డబ్బాలో బిగించి అన్ని వైర్లూ పెట్టాడు. బొమ్మ వచ్చింది, పోయింది. వచ్చింది, పోయింది.

"బోర్డు వీకయిపోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు, నీరసంగా ఉన్న ముసలాయన నాడి పట్టుకుని చూసినట్టు.

బయట నడిచింది, డబ్బాలో నడవలేదు. అంటే తేడా బోర్డులో లేదు, డబ్బాలో ఉంది: బోర్డును రేకుకి తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌లలో (బుల్లి స్తంభాల్లో) ఒకటి తప్పు చోట తగులుతుండాలి, లేదా ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లలో ఏదో గొడవ చేస్తుండాలి. ఈ మాట అతను అనలేదు. అతను అనకపోతే పోనీ, ఇన్నేళ్లుగా బంధువులందరి కంప్యూటర్లకీ ఉచిత వైద్యం చేస్తున్న మనకైనా తట్టాలా వద్దా? తట్టలేదు. రెండు వేలు అడ్వాన్సు ఇచ్చి, డబ్బా చంకనెత్తుకుని ఇంటికొచ్చాం.

రాత్రి అన్నాలయ్యాక పాప దాని ముందు కూర్చుని అడిగింది: "నాన్నా, దీనికి రెండు బొట్లెందుకు?"

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. మహానవమి నాడు ఆయుధ పూజ. బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టాం. మిక్సీకి, గ్రైండర్‌కి, కుట్టుమిషన్‌కి బొట్టు. స్క్రూడ్రైవర్ సెట్టుకీ బొట్టే. డబ్బా విప్పింది కూడా ఆ కుంకుమ పిడి స్క్రూడ్రైవర్‌తోనే. సీపీయూ వంతు వచ్చింది. తడిగుడ్డతో తుడిచాం. గంధం పన్నీటితో కలిపి, కాస్త జారుగానే, ఉంగరం వేలితో పవర్ బటన్ మీద ఇంత దిద్ది, పైన కుంకుమ అద్ది, ఒక చామంతి పెట్టాం. అయిపోయిందని లేవబోతే కింద ఇంకొకటి కనబడింది. శనగగింజంత, నొక్కితే కంప్యూటర్ని మళ్లీ మొదటికి తెచ్చే రీసెట్ బటన్. పండగ పూట పెద్దదానికి పెట్టి చిన్నదాన్ని వదిలేస్తే బాగుంటుందా? పెళ్లి పందిట్లో పెద్ద వియ్యంకుడికి శాలువా కప్పి చిన్నాయన్ని చూడనట్టు పోతే ఎంత గొడవవుతుందో తెలియదూ? అందుకని దానికీ పెట్టాం. అది చిన్నది, వేలు పెద్దది. గంధం బటన్ చుట్టూ ఉన్న సందులోకి జారింది. మర్యాద మాత్రం లోటు లేకుండా జరిగింది.

ఆ గంధం సీసా మీద 'స్వచ్ఛమైన' అని రాసి ఉంటుంది. ఎండితే సిమెంటు. బటన్ వెంట్రుకవాసి లోపలికి నొక్కుకుని అలాగే అతుక్కుపోయింది. వెనకాల ఉన్న బుల్లి స్విచ్ తగిలీ తగలనట్టు. ఫ్యాన్లు తిరిగితే డబ్బా అదురుతుంది, అదిరితే తగులుతుంది, తగిలితే రీసెట్. ఒకసారి మూడు సెకన్లకి, ఒకసారి పదకొండుకి. పవర్ బటన్ ఇరుక్కుంటే ఇలా ఉండదు, నాలుగు సెకన్లు కాగానే ఆరిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ పోతే ఫ్యాన్లు పూర్తిగా ఆగి మళ్లీ తిరుగుతాయి. మనకి ఫ్యాన్లు ఒక్కసారీ ఆగలేదు, ముందు లైటూ ఆరలేదు. మూడు రోజులు దాని ముందే కూర్చుని చూస్తూ కూడా ఆ ముక్క గమనించలేదు.

బోర్డు మూలన, ముందు ప్యానెల్ వైర్లు గుచ్చే చోట, 'రీసెట్' అని రాసి ఉన్న రెండు పిన్నుల ప్లగ్గు పీకేశాం. చాలా బోర్డుల్లో అది 5, 7 పిన్నుల మీద ఉంటుంది, పక్క వరసలో 6, 8 పవర్ బటన్‌వి. అంతే, విండోస్ వచ్చింది. రీసెట్ బటన్ లేకపోతే ఏ నష్టమూ లేదు, ఇన్నేళ్లలో దాన్ని నొక్కిన గుర్తే లేదు. గంధం మాత్రం పంటిపుల్లతో ఇంకా గీకుతూనే ఉన్నాం.

పొద్దున్నే షాపుకి ఫోన్ చేసి, బోర్డు అక్కర్లేదు, అడ్వాన్సు ఇచ్చేయమంటే, "రసీదు కింద చూడండి సార్" అన్నాడు. చూశాం. ఒకసారి తీసుకున్న సొమ్ము వాపసు ఇవ్వబడదట. ఆ లైను మీద కూడా ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు.