పోప్ తాతగారి రంగు మార్చిందెవరు?

2025 మేలో రాబర్ట్ ప్రివోస్ట్ పద్నాలుగో లియో పేరుతో పోప్ అయ్యారో లేదో, అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్‌కు చెందిన ఒక వంశచరిత్ర పరిశోధకుడు పాత రికార్డులు బయటపెట్టారు. పోప్ తల్లి తరపు తాత, అమ్మమ్మ ఆ నగరంలోని సెవెంత్ వార్డ్‌లో బతికిన క్రియోల్ దంపతులు, అంటే మిశ్రమ జాతివాళ్లు. 1900 జనగణనలో వాళ్లు నల్లవాళ్లు. షికాగో వెళ్లాక 1920 జనగణనలో తెల్లవాళ్లు. ఆ ఇరవై ఏళ్లలో మారింది ఊరు, లెక్క రాసిన చెయ్యి. ఆ రికార్డులు బయటపడ్డప్పట్నుంచీ ఒకటే వాదన. ఆయన మొదటి నల్లజాతి అమెరికన్ పోప్ అని కొందరంటుంటే, ఆ కుటుంబం ఎప్పుడూ అలా చెప్పుకోలేదని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. మనిషిని రెండు గడుల్లో ఏదో ఒకదాంట్లో పడెయ్యాలన్న పాత చట్టాన్నే ఈ రెండు పక్షాలూ మోస్తున్నాయి.

క్రియోల్ సమాజం ఆ గడుల్లో ఎన్నడూ పట్టలేదు. ఫ్రెంచి, స్పానిష్ పాలనలోని లూసియానాలో ఆఫ్రికా, ఐరోపా, స్థానిక తెగల రక్తం కలిసింది. ఆ కలయికలో చాలాభాగం బానిస స్త్రీలపై బలవంతంగా జరిగిందే. అయినా అందులోంచే స్వేచ్ఛ పొందిన ఒక వర్గం ఎదిగింది. తాపీ మేస్త్రీలు, దర్జీలు, చుట్టలు చుట్టేవాళ్లు, సంగీతకారులు, సొంత ఇళ్లున్నవాళ్లు. ఫ్రెంచి మాట, కాథలిక్ చర్చి, గిన్నెలో గంబో అనే చిక్కటి పులుసు. హైతీ విప్లవంలో చెదిరిపోయి 1809లో క్యూబా మీదుగా వచ్చిన వేలమంది శరణార్థులతో ఈ వర్గం ఇంకా బలపడింది. వాళ్లలో కొందరికి సొంత బానిసలు కూడా ఉండేవారు. ఈ నిజాన్ని వారసత్వం పేరుతో దాచకూడదు.

రంగు మీద మోజు ఇలాంటిచోట ఎలా పుడుతుంది? అది అభిరుచి అంటే నేనొప్పుకోను, చర్మానికి చట్టం ధర కట్టింది. 1786లో గవర్నర్ మీరో నల్ల, మిశ్రమ జాతి స్త్రీలు జుట్టుకు గుడ్డ కట్టుకోవాలని హుకుం జారీ చేశాడు. తర్వాత నల్లవాళ్లను వేరుపెట్టిన జిమ్ క్రో చట్టాల రోజుల్లో కాస్త తెల్లగా ఉండటమంటే మంచి ఉద్యోగం, రైల్లో సీటు, చేతిలో ఓటు. గోధుమరంగు కాగితం సంచి కన్నా ఒళ్లు నల్లగా ఉంటే విందుల గడప తొక్కనిచ్చేవారు కాదని క్రియోల్ కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1970లో కూడా లూసియానా ఒక చట్టం చేసింది. ముప్పై రెండో వంతు కంటే ఎక్కువ నల్ల రక్తం ఉంటే మనిషి 'కలర్డ్' కిందే లెక్క. జీవితమంతా తెల్లదాన్నేననుకున్న ఒక మహిళ పాస్‌పోర్టు కోసం వెళ్లి తన జనన పత్రంలో ఆ మాట చూసుకుంది. కోర్టుకెక్కి ఓడిపోయింది. కారణం పద్దెనిమిదో శతాబ్దంలో బతికిన ఒక బానిస పూర్వీకురాలు! ఆ చట్టం 1983లోగానీ పోలేదు.

తెల్లవాళ్లుగా చెలామణీ అయినవాళ్లు సొంత మనుషుల్ని వదిలేసి పోయారని విమర్శ ఉంది. అది నిజం. కాస్త నల్లగా పుట్టిన తోబుట్టువుల గడప మళ్లీ తొక్కనివాళ్లున్నారు. కానీ పిల్లల తిండి, బడి, భద్రత అన్నీ ఆ ఒక్క గడి మీదే ఆధారపడేలా చేసింది ప్రభుత్వం. దాన్ని వదిలేసి తాతల్ని బోనెక్కించడం న్యాయం కాదు.

ఆ వాడల్లోనే ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. నాకు అసలు క్రియోల్ వారసత్వం వాళ్లదే. హోమర్ ప్లెసీ న్యూ ఆర్లియన్స్‌లోని ట్రెమే పేటలో చెప్పులు కుట్టేవాడు. ఎనిమిది వంతుల్లో ఏడు తెల్ల రక్తం. 1892 జూన్ 7న రైలు ఫస్ట్ క్లాస్ టికెట్ కొని తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్నాడు. నోరు మెదపకపోతే ఎవరికీ అనుమానం రాదు. కానీ తన జాతి ఏమిటో తనే చెప్పి అరెస్టయ్యాడు. రైళ్లలో తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ విడదీసే చట్టాన్ని కోర్టులో సవాలు చేయడానికి క్రియోల్ పెద్దలు పెట్టుకున్న పౌరుల కమిటీ ముందే వేసుకున్న పథకం అది. 1896లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చి, 'వేరుగా ఉన్నా సమానమే' అన్న సూత్రాన్ని దేశమంతటికీ రుద్దింది. 1954 దాకా ఆ తీర్పు పిల్లల బళ్లను విడదీసింది. ప్లెసీకి క్షమాభిక్ష దొరికింది 2022లో. తప్పించుకోగల చర్మం ఉండీ తప్పించుకోని మనిషి ఆయన. లేత రంగుకు అంతకంటే గొప్ప వాడకం నాకు తెలీదు.

ఇది మన కథ కూడా. 1890ల నుంచి బెంగాల్‌లోని హుగ్లీ ప్రాంతం నుంచి చికన్ ఎంబ్రాయిడరీ బట్టలు అమ్ముకోవడానికి న్యూ ఆర్లియన్స్ వెళ్లిన ముస్లిం వర్తకులకు చోటిచ్చింది ఆ ట్రెమే పేటే. కొందరు అక్కడి క్రియోల్, నల్లజాతి స్త్రీలనే పెళ్లాడారు. భారతీయులు తెల్లవాళ్లు కారని, పౌరసత్వానికి తగరని 1923లో అమెరికా పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. మన ఇంజినీర్లకు, డాక్టర్లకు తలుపు తీసిన 1965 అమెరికా వలస చట్టం నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపులో వచ్చింది. ఆ ఉద్యమంలో దెబ్బలు తిన్న జనం ఉండే వీధిలో ఇల్లు కొనొద్దని డాలస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్లు ఒకరికొకరు సలహా ఇచ్చుకుంటారు. సంబంధాల దగ్గరికొచ్చేసరికి అక్కడ పుట్టిన పిల్లకైనా 'ఎర్రగా ఉంటుందా?' అన్నదే మొదటి ప్రశ్న. అమెరికా తెలుగు సంఘాలు తమ మహాసభల్లో సినిమా తారలకిచ్చే సమయంలోంచి ఒక్క గంట తీసి ప్లెసీ కథకు ఇవ్వాలి. పిల్లల్నీ, వాళ్లకు సంబంధాలు చూసే పెద్దల్నీ ముందు వరసలో కూర్చోబెట్టి మరీ చెప్పాలి.