మేం రాం, మీరే రండి

రెండు తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, వెనకాల అరటిచెట్లు. 2025 జనవరిలో వచ్చిన, స్పానిష్ లో పాడే స్టార్ బ్యాడ్ బన్నీ ఆల్బమ్ కవర్ మీద ఉన్నది అంతే, పాడినోడి మొహం కూడా లేదు. ఫోన్లో మొదటిసారి చూసినప్పుడు నేనైతే అమలాపురం దగ్గర ఎవరిదో పెరడు అనుకున్నా, ఎందుకంటే అవి అచ్చం మన షామియానా వాడు పెళ్లికి ఆటోలో తెచ్చి దింపే కుర్చీలే, కాస్త లావుపాటి మావయ్య కూర్చుంటే వెనక కాళ్లు వంగిపోయే రకం. తీరా చూస్తే అది ప్యూర్టోరికో, అమెరికా చేతి కింద ఉన్న కరీబియన్ ద్వీపం. ఆ ఎండాకాలం సగం ప్రపంచం విమానం ఎక్కి ఆ పెరటికే పోయింది.

ఎవరీ బ్యాడ్ బన్నీ అని మళ్లీ మొదట్నుంచి చెప్పను, సూపర్ బౌల్ లో, అంటే అమెరికా ఫుట్ బాల్ ఫైనల్ మధ్యలో, పాడటానికి ఇతన్ని పిలిచారని అమెరికాలో అయిన రచ్చ మన డాలస్ వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చింది కదా. అసలు పేరు బెనీతో, వేగా బాహా అనే ఊరు, ఒకప్పుడు సూపర్ మార్కెట్లో సరుకులు కవర్లలో సర్ది ఇచ్చేవాడు. ఇప్పుడు విషయానికొస్తే, జులై 11 నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వారం వారం రాజధాని సాన్ హువాన్ లో ఒకే ఒక్క హాల్లో 30 షోలు చేశాడు. "నాకు ఇక్కణ్ణుంచి పోవాలని లేదు" అని దానికి పేరు. 4 గంటల్లో 4 లక్షల పైన టికెట్లు అయిపోయాయి. ఆ తర్వాత పెట్టుకున్న వరల్డ్ టూర్లో అమెరికా మెయిన్ ల్యాండ్ ఊరు ఒక్కటి కూడా లేదు, హాలు బయట ఇమిగ్రేషన్ వాళ్లు కాపు కాస్తారేమోనన్న భయం కూడా ఒక కారణమని తనే చెప్పాడు.

దీన్ని అందరూ స్టార్ క్రేజ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, నాకు అదే మంట. క్రేజ్ ఉన్నోళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లంతా సూట్ కేసు సర్దుకుని 50 ఊళ్లు తిరుగుతారు, ఎక్కడ డబ్బుంటే అక్కడికి పోతారు. ఇతను సర్దుకోలేదు. కావాలంటే మీరే రండి అన్నాడు. అందులో అసలు తెలివి ఎక్కడుందో తెలియాలంటే క్యాలెండర్ చూడాలి.

ప్యూర్టోరికోకి టూరిస్టులు వచ్చేది ప్రధానంగా చలికాలంలో. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా, న్యూయార్క్ లో మంచు పడుతుంటే అక్కణ్ణుంచి పారిపోయి ఇక్కడి బీచుల్లో పడతారు. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాన్ల సీజన్, పైగా ఉక్కపోత, హోటళ్లు ఈగలు తోలుకునే టైమ్. 2017లో మరియా తుఫాను వచ్చింది కూడా సెప్టెంబర్ 20నే, దాని వల్ల పోయిన ప్రాణాలు 2,975 అని ప్రభుత్వమే తర్వాత ఒప్పుకుంది. అంటే వ్యాపారం తెలిసినోడెవడూ అక్కడ షో పెట్టని నెలలు ఏరికోరి ఇతను పట్టుకున్నాడు. హోటల్ గదులు నిండాయి, ద్వీపానికి వచ్చిన రాబడి 20 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనాలు వేశారు. సరే, ఆ లెక్క అలా ఉంచండి, నన్ను పట్టుకున్నది అది కాదు.

టూరిస్టులు వెళ్లిపోయాక ఆ ద్వీపం ఖాళీగా ఏం కూర్చోదు. వాళ్ల సొంత సందడి మొదలయ్యేదే అప్పుడు. జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ పండగ, ఊరు ఊరంతా సముద్రం దగ్గరికి పోయి అర్ధరాత్రి వీపు సముద్రం వైపు పెట్టి వెనక్కి నీళ్లలో పడతారు, 3 సార్లనీ 7 సార్లనీ 12 సార్లనీ ఇంటికో లెక్క, అలా మునిగితే ఏడాది దరిద్రం పోతుందని. మన కార్తీక స్నానం వాళ్లకి చెప్తే ఠక్కున అర్థమైపోతుంది. జులై చివర్లో లోయీసా అనే ఊళ్లో సెయింట్ జేమ్స్ జాతర, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ల వారసుల ఊరు అది, కొబ్బరి డొక్కతో కొమ్ముల మాస్కులు చెక్కి వీధుల్లో తిరుగుతారు. 78 మున్సిపాలిటీలు ఉంటే దాదాపు ప్రతిదానికీ ఒక ఊరి పండగ. ఎండాకాలం వాళ్లది అన్నమాట, టూరిస్టుది కాదు. బ్యాడ్ బన్నీ షో పెట్టింది ఆఫ్ సీజన్ లో కాదు, తన వాళ్ల సీజన్ లో. బయటోళ్లు వచ్చి వీళ్ల ఇంట్లో వీళ్ల పండక్కి చుట్టాల్లాగా ఒక మూల కూర్చున్నారు.

టికెట్లూ అంతే. మొదటి 9 షోలు ద్వీపంలో ఉండేవాళ్లకి మాత్రమే, అవి కూడా ఆన్లైన్లో కాదు, అక్కడే కౌంటర్ల దగ్గర మనిషి వచ్చి కొనుక్కోవాలి. చివర్లో సెప్టెంబర్ 20న, అదే మరియా తుఫాను తేదీన, ఇంకో షో కలిపితే అదీ స్థానికులకే, మిగతా ప్రపంచం అమెజాన్ లో చూసుకుంది. నాకు తెగ నచ్చిన ముక్క ఇది. వరస మార్చేశాడు. ఎక్కువ డబ్బు ఇచ్చేవాడు వెనక, పక్కింటోడు ముందు. మన దగ్గర ఏ ఈవెంట్ అయినా మొదటి ప్రశ్న ఏంటి, "అన్నా పాస్ ఉందా?" కదా. ముందు నాలుగు వరసలు తెల్ల గుడ్డ కప్పిన సోఫాలు, వాటిలో స్పాన్సర్ గారి బావమరిది ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు, వాడికి స్టేజ్ మీద ఎవరున్నారో కూడా అక్కర్లేదు, బారికేడ్ అవతల మధ్యాహ్నం నుంచి నిలబడ్డ కుర్రోడికి అందరికంటే వెనక చోటు, మీదట లాఠీ. ప్యూర్టోరికోలోనూ వీఐపీలు ఉన్నారులెండి, జనం మధ్యలో ఒక మామూలు చిన్న ఇంటి సెట్ వేసి సెలబ్రిటీలని అందులోకి పంపించాడు, బాస్కెట్ బాల్ లెబ్రాన్ జేమ్స్, ఫుట్ బాల్ ఎంబాపే లాంటోళ్లు కూడా అక్కడికే. కానీ వాళ్లు వెళ్లింది సోఫాలోకి కాదు, పల్లెటూరి ఇంటి అరుగు మీదకి.

దీనికి పూర్తి వ్యతిరేకం చూడాలంటే సింగపూర్. అదీ ఉష్ణమండల ద్వీపమే. 2024 మార్చిలో టేలర్ స్విఫ్ట్ అక్కడ 6 రాత్రులు పాడింది, ఆగ్నేయాసియాలో ఇంకెక్కడా లేదు. ఒక్కో షోకి 20, 30 లక్షల డాలర్లు ఇచ్చి ఇంకెక్కడికీ పోకుండా కట్టేసుకున్నారని అప్పటి థాయ్ ప్రధాని స్రెట్టా తవిసిన్ బయట పెట్టేశాడు, అప్పటి సింగపూర్ ప్రధాని లీ కూడా ప్రోత్సాహకాలు ఇచ్చిన మాట నిజమే అన్నాడు, ఎంతో చెప్పలేదు. హోటళ్లు నిండాయి, మన తెలుగోళ్లు కూడా చెన్నై నుంచి హైదరాబాద్ నుంచి పోయి చూసొచ్చారు, తప్పేం లేదు. కానీ ఆమె వెళ్లిపోయాక అక్కడ ఏం మిగిలింది? సింగపూర్ పాట ఏదో ఒక్కటి చెప్పమంటే ఆ వెళ్లొచ్చిన వాళ్లలో ఎవడూ చెప్పలేడు. స్టార్ ని అద్దెకి తెచ్చుకున్న ద్వీపం ఒకటి, స్టార్ ని కన్న ద్వీపం ఒకటి. మన టూరిజం శాఖల వాళ్లకి ఎప్పుడూ మొదటిదే మోడల్, రెండో దాని ఊసే రాదు.

కాదనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో పస లేదని అనను. వచ్చిన డబ్బులో ఎంత విమాన కంపెనీలకీ పెద్ద హోటళ్లకీ పోయింది, వీధి చివర బడి వాడికి ఎంత అంటారు. పన్ను రాయితీల కోసం దిగిన అమెరికా డబ్బున్నోళ్ల వల్ల ఇప్పటికే అద్దెలు కట్టలేక జనం ద్వీపం వదిలి పోతుంటే ఇంకో టూరిస్టు గుంపు అవసరమా అంటారు. 2024 డిసెంబర్ 31న దాదాపు ద్వీపం అంతా కరెంటు పోయింది, 2025 ఏప్రిల్ లో మళ్లీ పోయింది, పాటలు పాడితే ట్రాన్స్ ఫార్మర్లు బాగవుతాయా అని కూడా. అవ్వవు. కానీ ఆ కరెంటు గురించీ ఆ అద్దెల గురించీ ప్రపంచం చెవిలో పడేలా పాడింది ఎవరు మరి? ఏ మంత్రి ప్రెస్ మీట్ తోనూ కానిది అది.

ఇంకో సంగతి. స్టేజ్ మీద ఏం వాయించారో చూడండి. ప్లేనా అని వాళ్లకో జానపదం ఉంది, చేతిలో పట్టుకుని కొట్టే పలక లాంటి డప్పులు, సైజుకో పేరు, ఊళ్లో జరిగిన సంగతులన్నీ పాట కట్టి పాడతారు కాబట్టి దాన్ని "పాడే పేపర్" అంటారు, మన బుర్రకథకి దూరపు చుట్టం అనుకోండి. బోంబా అని ఇంకోటి ఉంది, అందులో డాన్సర్ డప్పుకి తగ్గట్టు ఆడదు, డాన్సర్ పాదం ఎటు పడితే డప్పు వాడు దానికి జవాబు కొట్టాలి, తప్పితే జనం నవ్వుతారు. ఇవన్నీ ముసలోళ్ల పాటలని పక్కన పడేయకుండా ప్లేనా గుంపుని తన ఆల్బమ్ లోకీ ఈ షోల స్టేజ్ మీదకీ తెచ్చాడు, సల్సా ట్రాక్ కి ప్రభుత్వ సంగీత పాఠశాల పిల్లల చేత వాయింపించాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని మనం అనుకుంటాం, ఇతను ఆ పెరటి చెట్టునే కవర్ ఫోటో చేశాడు.

మరి మనం? 2024 డిసెంబర్ లో ఒక పెద్ద తెలుగు సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్ టెక్సాస్ లోని గార్లాండ్ లో పెట్టుకున్నాం, భారతీయ సినిమాలో ఇదే మొదటిసారి అని గొప్పగా చెప్పుకున్నాం కూడా. జనం మన దగ్గరికి రావాలన్న ఆలోచన కాదు, డాలర్ ఉన్నచోటికి మనమే పోదామన్న ఆలోచన. మన దగ్గర లైవ్ అంటే సినిమా, సినిమా అంటే లైవ్, అది తప్ప మూడోది లేదు. ఉగాది అయినా ఉత్సవమైనా కలెక్టర్ గారు పెట్టినా ఆటా తానా వాళ్లు పెట్టినా చివరికి వచ్చేది సినిమా పాటల ట్రూప్ తో పాటు ఒక హీరోయిన్, ఒక యాంకర్, నాలుగు పంచులు. కిన్నెర మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, రెండేళ్లు దాటేసరికి ఆయన కూలి పనికి పోతున్న వీడియో చూశాం, అయ్యో అన్నాం, షేర్ కొట్టాం, ఇంకో వీడియోకి పోయాం. ఆయనకి కావాల్సింది జాలి కాదు, ఏడాదికి 30 స్టేజీలు. ఆ 30 స్టేజీలకి టికెట్ కొనే తెలుగోళ్లు లేరంటే నేను నమ్మను, కోల్డ్ ప్లే కోసం అహ్మదాబాద్ దాకా పోయినోళ్లం మనం. అమ్మేవాడు లేడు అంతే, మన పెద్దోళ్లెవరూ తమ స్టేజ్ లో సగం ఇచ్చింది లేదు కాబట్టి.

కొన్నేళ్ల కిందట మే నెలలో విజయనగరం వైపు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అమ్మవారి పండక్కి పోయా. సాయంత్రం నుంచి చింతచెట్టు కింద తప్పెటగుళ్లు, 15 మంది దాకా ఉంటారు, రేకు తప్పెట గుండెకి కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు, దుమ్ము మోకాళ్ల దాకా లేస్తోంది, పెద్దాయనకి 60 దాటి ఉంటాయి, అంత వేగంగా తిరిగి కూడా మాట ఎక్కడా తొణకట్లేదు. తొమ్మిదిన్నరకి కమిటీ కుర్రోడు ఒకడు వచ్చి "తాతా ఇంక ఆపియ్యండి, వైజాగ్ నుంచి ఆర్కెస్ట్రా వాళ్లు వచ్చీసేరు" అన్నాడు. "పాట మజ్జిలో ఉందిరా బాబూ" అన్నాడు ఆయన. "స్టేజ్ టైమ్ తాతా, గంటల్లెక్కన డబ్బులు వాళ్లకి." మధ్యలోనే ఆపేశారు. జనరేటర్ వెనక కూర్చుని తప్పెటకి కట్టిన తాడు విప్పుకుంటున్నారు, ఎవరో స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చిచ్చారు. స్టేజ్ మీద మొదటి పాట ఎత్తుకున్నారు, హిట్ సినిమా పాట, కీబోర్డు వాడు కొడుతున్న బీటు వింటే ఇందాక చింతచెట్టు కింద విన్నదే, కాకపోతే కాస్త స్పీడ్ పెంచాడు. పెద్దాయన టీ ఊదుకుంటూ స్టేజ్ వైపు చూస్తున్నాడు, కాలు మాత్రం ఆగట్లేదు, గజ్జెలు ఇంకా విప్పలేదు.