డిశ్చార్జి తర్వాత ఎవరి బాధ్యత?

తమిళనాడులో ఎక్కడ రోడ్డు ప్రమాదం జరిగినా మొదటి 48 గంటల వైద్యానికి డబ్బెలా అన్న టెన్షన్ చాలావరకు తగ్గింది. 2021 డిసెంబరులో మొదలైన ‘ఇన్నుయిర్ కాప్పోం’ పథకం కింద, గాయపడ్డ మనిషిది ఏ రాష్ట్రమని అడగకుండానే జాబితాలోని ఆస్పత్రులు ఉచితంగా చికిత్స చేస్తాయి. గుమ్మిడిపూండి దగ్గర బోల్తాపడ్డ లారీలోంచి బయటికి తీసిన నెల్లూరు డ్రైవరుకూ అది వర్తిస్తుంది. మంచి పథకం, ప్రాణాలు నిలబెడుతోంది. మేము అడుగుతున్నది ఆ 48 గంటలు అయిపోయాక ఏమిటని. వెన్నుపూస విరిగిన డ్రైవరు బతికి బయటపడతాడు. కానీ నడుము కింద స్పర్శ ఉండదు, మూత్రం వచ్చేది తెలియదు, కూర్చోవాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి కుట్లు విప్పి, మందుల చీటీ రాసి, మంచం ఖాళీ చేయమంటుంది. ఆ మంచం కోసం ఇంకొకరు స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటారు కాబట్టి డాక్టర్లను తప్పుపట్టలేం. ఆస్పత్రి గుమ్మం దాటిన మనిషి ఎవరి లెక్కలోకీ రాకపోవడమే అసలు తప్పు.

పక్షవాతం సంగతి చూడండి. నాలుగున్నర గంటల్లోపు ఆస్పత్రికి చేరిస్తే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే వీలుంటుందని జనానికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఆ తర్వాతి సంగతి ఇంకా చేరలేదు. మెదడు దెబ్బతిన్నాక కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా జరుగుతుంది. తర్వాత కూడా మెరుగుదల ఉంటుంది గానీ ఆ వేగం ఉండదు. ఆ మూడు నెలల్లో పడిపోయిన చేతిని రోజూ ఆడించకపోతే వేళ్లు బిగుసుకుపోతాయి. అదే చేతిని పట్టుకుని లాగి మంచం మీంచి లేపితే భుజం కీలు జారుతుంది. ఎలా లేపాలో చెప్పినవాళ్లు లేక ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే పనే ఇది. మింగడం సరిగ్గా రాని మనిషికి పడుకోబెట్టి గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి, ముదిరితే ఎముక దాకా పోతాయి. ఇవేవీ ఖరీదైన యంత్రాలు ఉంటేనే ఆగేవి కావు. పని తెలిసిన మనిషి వారానికి రెండు మూడు సార్లు ఇంటికొచ్చి చూపిస్తే చాలావరకు ఆగుతాయి.

అలాంటి మనిషి రాకపోతే కుటుంబం ఏం చేస్తుంది? అప్పు చేసి ప్రైవేటు ఫిజియోను పెట్టుకుంటుంది, డబ్బయిపోయాక మానేస్తుంది. లేదా పక్షవాతానికి పసరు మందు ఇచ్చే ఊరు వెతుక్కుంటూ పోతుంది. అలా పోయినవాళ్లను తెలివితక్కువవాళ్లు అనడం మాకు ఇష్టం లేదు. అక్కడ కనీసం ఒకరు ఆ చేతిని ముట్టుకుని, నూనె రాసి, మళ్లీ వస్తుందిలే అంటారు.

ఇంత నష్టం ఎందుకు జరుగుతోందని చూస్తే, రెండు ప్రభుత్వ శాఖల మధ్య ఉన్న సందు కనిపిస్తుంది. ఆస్పత్రి ఆరోగ్య శాఖది. వీల్‌చైరు, కృత్రిమ కాలు, నెలవారీ భృతి దివ్యాంగుల సంక్షేమ శాఖవి. ఆ శాఖ తలుపు తట్టాలంటే వైకల్య సర్టిఫికెట్ కావాలి. ఎంత వైకల్యం మిగిలిందో తేలాకే సర్టిఫికెట్ ఇవ్వడం పద్ధతి. పక్షవాతంలో అది తేలడానికి నెలలు పడుతుంది. అంటే చికిత్స బాగా పట్టే ఆ తొలి నెలల్లో మనిషి రోగుల జాబితాలోంచి వెళ్లిపోయి ఉంటాడు, దివ్యాంగుల జాబితాలోకి ఇంకా వచ్చి ఉండడు. కార్డు చేతికొచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. ఏ నిబంధనా తప్పకుండానే, ఏ అధికారీ నిర్లక్ష్యం చేయకుండానే ఇదంతా జరిగిపోతుంది. అందుకే దీన్ని సరిచేయాల్సినవాళ్లు ఎవరో కూడా తేలడం లేదు.

బీమా కూడా ఆస్పత్రి మంచాన్నే చూస్తుంది. ఆయుష్మాన్ భారత్‌ను 2024లో 70 ఏళ్లు దాటిన అందరికీ విస్తరించారు, సంతోషం. డిశ్చార్జి తర్వాత అది భరించేది 15 రోజుల ఖర్చు. తుంటి ఎముక విరిగిన డెబ్బై అయిదేళ్ల పెద్దావిడ పదిహేను రోజుల్లో వాకరు పట్టుకుని బాత్రూమ్‌కు వెళ్లగలిగితే అదే గొప్ప. మళ్లీ తన పని తాను చేసుకోవడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది. ఆపరేషన్‌కు లక్షలు పెట్టే బీమా, ఆ ఆపరేషన్ ఫలించడానికి కావలసిన వేల రూపాయల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటోంది.

చెన్నైలో ఏమీ లేదని మేము అనడం లేదు. కృత్రిమ అవయవాలకు పేరున్న ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ కె.కె.నగర్‌లో ఉంది. ఒకటికి మించి వైకల్యాలున్న పిల్లల కోసం ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ 2005 నుంచి పనిచేస్తోంది. గిండీలో 200 పడకల జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెరుచుకుంది. ఇక ‘మక్కళై తేడి మరుత్తువం’ (జనాన్ని వెతుక్కుంటూ వైద్యం) పథకం 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలై, బీపీ, షుగరు మాత్రలతో పాటు ఫిజియోథెరపీని, మంచానపడ్డవాళ్లకు కావలసిన సేవను ఇంటికే తీసుకెళ్లింది. దానికి 2024లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంకా ఆలోచించనిది ఈ రాష్ట్రం చేసి చూపించింది. ప్రపంచ బ్యాంకు సాయంతో దివ్యాంగుల శాఖ పెడుతున్న ‘విళుదుగళ్’ కేంద్రాల్లో వేర్వేరు థెరపీలు ఒకే కప్పు కింద దొరుకుతున్నాయి.

అయితే చిన్న లెక్క వేసి చూడండి. ఇంటికే వైద్యం తెచ్చే ఆ ‘మక్కళై తేడి’ పథకాన్ని బ్లాకుకు (కొన్ని పంచాయతీలు కలిసిన ప్రాంతానికి) ఒక ఫిజియోథెరపిస్టు చొప్పున రూపొందించారు. గ్రామీణ బ్లాకులో సగటున సుమారు లక్ష మంది ఉంటారు. రోజుకు ఆరిళ్లు తిరిగితే వారానికి 36 ఇళ్లు. ఒక్కో రోగి దగ్గరికి వారానికి మూడుసార్లు వెళ్లాలంటే పన్నెండు మందికి మించి చూడలేరు. అంతకంటే ఎక్కువ మందిని చూశారంటే, ఒక్కొక్కరికి తక్కువసార్లు వెళ్లారనే అర్థం. ‘ఇంత మందికి ఫిజియోథెరపీ ఇచ్చాం’ అనే ప్రకటనల్లో ఈ తేడా కనిపించదు. ఒక్కసారి తలుపు తట్టినా అంకె అంకే. ఎంతమంది లేచి నిలబడ్డారు, ఎంతమంది తిరిగి పనికి వెళ్లారు, ఎంతమందికి పుండ్లు పడలేదు అన్నది లెక్కించాలి.

నగరంలో చిక్కులు వేరు. వ్యాసర్పాడి నుంచో తిరువొత్తియూరు నుంచో కె.కె.నగర్‌కు వారానికి మూడుసార్లు ఆటోలో వెళ్లి రావడం, తోడుగా ఒకరు కూలి మానుకోవడం కూలి కుటుంబాల వల్ల కాదు. కన్నగి నగర్ లాంటి చోట్ల మూడో అంతస్తులో ఉన్న మనిషిని కిందికి దించడమే ఒక పూట పని. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు నగరంలో వందకు పైగా ఉన్నాయి. చాలామందికి వాళ్ల పేటలోనే, నడిచేంత దూరంలో ఉండే ప్రభుత్వ వైద్యం అదే. కొన్ని కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉంది, అన్నింటిలో ఉండాలి. ఒక గది, చేతులతో పట్టుకుని నడిచే కడ్డీలు, ఒక చాప, ఒక మనిషి ఉంటే మొదలుపెట్టవచ్చు.

మాట పడిపోయిన తెలుగువాళ్ల కష్టం ఇంకో రకం. పక్షవాతం మెదడు ఎడమ భాగాన్ని దెబ్బతీస్తే చాలామందికి మాట పోతుంది. ఎదురుగా ఉన్నది ఏమిటో తెలుసు, దాని పేరు నోటికి రాదు. ఆ మాటను తిరిగి తెచ్చే చికిత్స మనిషి ఇంట్లో మాట్లాడుకునే భాషలో సాగాలి. చాకలిపేటలోనో, సౌకార్‌పేటలోనో పుట్టి పెరిగిన పెద్దాయన వీధిలో తమిళం ధారాళంగా మాట్లాడి ఉండవచ్చు. భార్యతో, మనవళ్లతో మాట్లాడింది తెలుగే. స్పీచ్ థెరపీలో తమిళంలోనో ఇంగ్లిషులోనో బొమ్మ చూపించి పేరు అడిగినప్పుడు ఆయన చెప్పలేకపోతే, మాట పోయినందువల్లా, భాష వేరయినందువల్లా అన్నది తేలదు. మతిమరుపు జబ్బుకు చేసే పరీక్షలదీ ఇదే చిక్కు. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో స్పీచ్ థెరపీ చదువుకున్న తెలుగు పిల్లలు ఉన్నారు. అలాంటివాళ్లను వీడియో ద్వారానైనా చెన్నై ప్రభుత్వ ఆస్పత్రులతో కలపవచ్చు. అడయారులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ పోలియో పిల్లల కోసం ప్రత్యేకంగా ఆర్థోపెడిక్ కేంద్రం నడిపిన చరిత్ర ఈ ఊరి తెలుగువాళ్లది. ఉగాదికి వేదికలు కట్టే మన సంఘాలు, వారానికి ఒక గంట ఆస్పత్రిలో కూర్చుని తెలుగులో మాట్లాడే వాలంటీర్లను పంపలేవా?

మంచం మీది మనిషి పక్కన ఇంకో మనిషి ఉంటుంది. ఎక్కువగా ఆమె భార్యో, కోడలో, కూతురో. రాత్రి రెండుసార్లు లేచి పక్క మార్చేది, మూత్రపు సంచి ఖాళీ చేసేది, తెల్లారాక పనికి పరుగెత్తేది ఆమే. తెల్లవారుజామునే చీపురు పట్టుకుని రోడ్డెక్కే తెలుగు పారిశుధ్య కార్మికురాలు నెల రోజులు ఇంట్లో ఉండిపోతే జీతం పోతుంది, పనికి పోతే మొగుడికి పుండు పడుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు చూసుకునే మనిషి కోసం భృతి ఇవ్వాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2024 నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. తమిళనాడు తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే భృతిని 2023 జనవరి నుంచి 2,000 చేసింది. సరిహద్దులోని తడ ఊరికి అటు ఒక తీరు, ఇటు ఒక తీరు. ఇంటికి వచ్చే ఫిజియోల విషయంలో ఆంధ్ర తమిళనాడును చూసి నేర్చుకోవాలి, భృతి విషయంలో తమిళనాడు ఆంధ్రను చూసి నేర్చుకోవాలి. డబ్బు లేకుండా సేవ నిలవదు. సేవ లేని ఊళ్లో డబ్బుతోనే పుండు మానదు.

ఈ అవసరం పెరిగేదే. 2021లో తమిళనాడు జనాభాలో అరవై దాటినవాళ్లు 13.6 శాతమని, 2031 నాటికి 18.2 శాతం అవుతారని అంచనా. పిల్లలు విదేశాల్లో ఉన్న టి.నగర్ ఇళ్లకూ ఇది తప్పదు. ఏజెన్సీ పంపిన ఆయాకు ఏ శిక్షణ ఉందో డబ్బు కట్టే కుటుంబానికే తెలియడం లేదు.

దారి కొత్తదేమీ కాదు. మన చిత్తూరు వాళ్లు రాయవేలూరు అని పిలిచే వేలూరులోనే, 1954లో ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్న డాక్టర్ మేరీ వర్గీస్ వీల్‌చైరులో కూర్చుని ఆపరేషన్లు చేశారు. ఆమె చొరవతో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల (సీఎంసీ)లో 1966లో పునరావాస కేంద్రం వెలిసింది. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (తీవ్ర జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి, మంచానపడ్డవాళ్ల ఇళ్లకు నర్సును పంపే బాధ్యతలో పంచాయతీలను భాగం చేసింది. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ, పునరావాస సేవలను ఆరోగ్య వ్యవస్థలోనే కలపాలని తీర్మానించింది. ప్రపంచంలో 240 కోట్ల మందికి ఈ సేవలతో మేలు జరుగుతుందని లెక్క. భారతదేశం ఆ సభలో సభ్య దేశం.

ఆరోగ్య శాఖను మేము అడిగేది ముందుగా ఇది. చెన్నైలోని ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి (జీహెచ్), స్టాన్లీ, కీళ్పాక్, రాయపేట ఆస్పత్రుల్లో పక్షవాతం, వెన్నుపూస, తల గాయాల రోగులకు ఇచ్చే డిశ్చార్జి చీటీలో మందుల పేర్ల కింద ఇంకో వరుస ఉండాలి. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు పేరు, ఫోను నంబరు, మొదటిసారి వచ్చే తేదీ అందులో రాయాలి. సర్టిఫికెట్ కోసం ఆగకుండా వీల్‌చైరు, వాకరు ఆస్పత్రిలోనే అరువుగా ఇవ్వాలి. సెంట్రల్‌లో రైలెక్కి గూడూరుకో సూళ్లూరుపేటకో వెళ్లిపోయే రోగి చీటీ ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి కూడా చేరేలా రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకోవాలి. ఇంటికి వెళ్లే ఫిజియోల సంఖ్య ఎంతకు పెంచుతారో, నగరంలో ఎన్ని ఆరోగ్య కేంద్రాల్లో థెరపీ గది ఏ నెలకల్లా తెరుస్తారో రాబోయే బడ్జెట్‌లో ప్రభుత్వం, కార్పొరేషన్ పద్దులతో సహా చెప్పాలి.