మా ఇంటి మెట్ల మీది గ్రానైటు గారికి

మహారాజశ్రీ గ్రానైటు గారికి, అనంతపురం నుంచి మీ యజమానురాలు నడుం పట్టుకుని, దిండుకు ఆనుకుని రాయునది.

మేమిక్కడ క్షేమం కాదు. తమరు క్షేమంగానే ఉంటారు, మీకేం రోగం. శుక్రవారం కదా అని పొద్దున్నే నాలుగు చెంబుల నీళ్లు పోసి మిమ్మల్ని కడిగాను. పసుపు గిన్నె తెద్దామని పై మెట్టు మీద కాలు పెట్టానో లేదో, మిగతా మూడు మెట్లూ కూర్చునే దిగాను. చెంబు నాకంటే ముందు గేటు దాకా దొర్లింది. పాలబ్బాయి చూశాడు. నవ్వలేదు, మంచి పిల్లోడు. మలుపు తిరిగాక నవ్వుకుని ఉంటాడు.

ఆసుపత్రిలో చూసి ఎముక విరగలేదన్నారు. ఆ మాట చెప్పడానికి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు, అదీ కూర్చోలేని మనిషిని. (బెంచీ కూడా గ్రానైటే. చల్లగా హాయిగా ఉంది, అబద్ధమెందుకు.)

షాపులో మిమ్మల్ని చూసిన రోజు గుర్తుంది. నల్లటి పలక, లోపల బంగారు చుక్కలు. "చీమకుర్తి గెలాక్సీ మేడం, అద్దం పాలిష్" అన్నాడు. మా ఆయన అందులో తన మొహం చూసుకుని అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాడు. భూగర్భశాస్త్రం చదివినవాళ్ల లెక్కలో తమరు గ్రానైటే కాదని, గాబ్రో అనే వేరే జాతి రాయి అని తర్వాత తెలిసింది. పేరు కూడా అరువే!

మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా మిమ్మల్ని దాటడమంటే అగ్నిగుండం తొక్కడమే. ముగ్గు వేస్తే పిండి నిలవదు, గాలికి పక్కింటి వాకిట్లో తేలుతుంది. పోనీలే అనుకున్నా. మెట్ల సంగతి మాత్రం వదలను.

అసలు గ్రానైటునైతే పైపైన మంటతో కాలుస్తారట. వేడికి అందులోని పలుగురాయి (క్వార్ట్జ్) రవ్వలు ఉబ్బి చిట్లి, పాదానికి పట్టు దొరికేలా గరుకు తేలుతుంది. తమరిలో ఆ పలుగురాయీ అంతంత మాత్రమే. కనీసం అంచున గీతలైనా కోయాలి కదా. మేస్త్రీ అదే అన్నాడు: "మెట్టుకు మూడు గీతలు కోసేస్తా అక్కా, ఉగాది లోపల." ఏ ఉగాది అని అడక్కపోవడం నా తప్పు. రెండు పోయాయి. ఫోన్ చేస్తే రాయి కోసే కట్టరు మిషను ధర్మవరంలో ఉంటుంది, లేదా బ్లేడు అరిగిపోయి ఉంటుంది, లేదా "తాడిపత్రిలో ఉండానక్కా, రేపొస్తా." మా చుట్టూ ఉన్న కొండల రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల నింపాదిగా చల్లారి గట్టిపడిందట. దాని నీడన పెరిగినోడికి తొందర ఎక్కణ్నుంచి వస్తుంది?

విజయనగర రాజుల కాలంలో లేపాక్షిలో ఉలీ సుత్తీ పట్టుకుని ఒకే బండలో అంత బసవన్నను చెక్కేశారు. నాకు మూడు గీతలు కోసే దిక్కు లేదు.

ఇంట్లో డెబ్బై దాటిన అత్తమ్మ ఉంది. రేపు ఆమె జారితే? అద్దంలా మెరవమని నిన్నెవరు అడిగారు? మెట్టువి నువ్వు. తొక్కించుకోవడం నీ పని. మొహం చూసుకోవడానికి మాకు బాత్రూంలో అద్దం ఉంది.

నీ తమ్ముడు నయం, వంటింటి గట్టు మీద ఉన్నాడే, వాడు. పాత ఇంట్లో కడప బండ ఉండేది. సున్నపురాయి, పులుపు పడదు. నిమ్మచెక్క పెట్టి మర్చిపోతే తెల్ల మచ్చ. ఇవాళ నేను మంచమెక్కితే మా ఆయన చారు పెట్టాడు. చింతపండు రసం గట్టంతా పోశాడు, కాలే గిన్నె దాని మీదే దించాడు. గుడ్డతో ఒక్క తుడుపు, మరక లేదు. చారులో ఉప్పూ లేదు, అది వేరే సంగతి.

ప్రస్తుతానికి నీ మీద గోనెసంచులు పరిపించాను. ఆదివారం ఆడపడుచు వస్తోంది, లక్షలు పోసిన రాయి కనబడకుండా ఇదేంటి, తీసెయ్యమని మా ఆయన గొణుగుతున్నాడు.

తియ్యను.