సంస్కరణకు నోరిచ్చింది ఉత్తరాంధ్రే

సంఘ సంస్కరణ కథను మనం కలకత్తాలో మొదలుపెట్టి రాజమండ్రిలో ఆపేస్తాం. బ్రహ్మసమాజం, వీరేశలింగం, 1881 నాటి వితంతు వివాహం. ఆ తర్వాతే, చోటు మిగిలితే, విజయనగరం, శ్రీకాకుళం. ఈ వరసను నేను ఒప్పుకోను.

విజయనగరంలో ఏం జరిగిందో చూడండి. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లకు శుల్కం, అంటే డబ్బు, పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క విజయనగరం రాజు ఆనంద గజపతి తీయించారు. మూడేళ్లలో 1,034 తేలాయి. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. గురజాడే తన ‘కన్యాశుల్కం’ నాటకం ముందుమాటలో రాసిన లెక్క ఇది. ఈ పెళ్లిళ్లను ఆపడానికి రాజావారు మద్రాసు శాసన మండలిలో బిల్లు పెట్టినా నెగ్గలేదు. 1892లో ఆ నాటకాన్ని విజయనగరంలోనే ఆడారు. ధర్మశాస్త్రం ఎత్తి వాదిస్తే శ్లోకానికి శ్లోకం ఎదురు చదవొచ్చు. తన వీధి అరుగు మీద మాటలే స్టేజీ మీద వినిపిస్తే పెద్దమనిషి ఏమని ఖండిస్తాడు? చట్టం చేయలేని పనికి వాడుక మాట పూనుకుంది.

ఇంగ్లీషు చదువు, మిషనరీల బడులు, బ్రహ్మసమాజం లేకుండా గురజాడ ఎక్కడని అడిగేవాళ్లున్నారు. నిజమే, ప్రశ్నించడం అక్కడ నేర్చారు. కానీ ఆ ప్రశ్న చదువుకున్న నలుగురి మధ్యే తిరిగితే ఊళ్లో ఎవరి ఆలోచనా మారదు.

గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి ఇంకా ముందుకు వెళ్లారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు, వాచకాలు రాశారు, 1931 నాటికి వ్యాకరణం అచ్చయింది. గ్రాంథికం వస్తేనే పండితుడని నమ్మే కాలంలో కొండమీది మనిషి దగ్గర శిష్యుడిగా కూర్చోవడం మామూలు విషయం కాదు. చదువు ఎవరి సొత్తు అన్న లెక్కే అక్కడ తలకిందులైంది. నా దృష్టిలో మన వలస కాలపు అతి పెద్ద తిరుగుబాటు అదే.

ఏటా ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవమని ఆయన విగ్రహానికి దండలు వేసి తెలుగు గొప్పదనం చెప్పుకుంటాం. సవర ఊసు మాత్రం ఎత్తం. సీతంపేట కొండల్లో సవర పిల్లకు ఇంట్లో ఒక భాష, బడిలో ఎక్కువగా ఇంకొకటి. ఇంగ్లీషు మీడియమా, తెలుగు మీడియమా అని మైదానంలో మనం కొట్టుకుంటుంటే ఆ పిల్ల మాట ఏ పక్షానికీ గుర్తు రాదు. సవర వచ్చిన టీచర్లను ఆ ఊళ్ల బడుల్లో, కనీసం మొదటి మూడు తరగతులకు, రెగ్యులర్ పోస్టుల్లో వేయాలి. వచ్చే ఆగస్టులో దండ పట్టుకుని వచ్చే ప్రతి మంత్రినీ ముందు ఈ పోస్టుల గురించే అడగాలి.