క్వార్టర్ సీసా లెక్క

పేదలు నిగ్రహం లేకనే చవక మందు తాగుతారని ఒక వ్యాసంలో చదివాను. చాలా బాధేసింది. 650 మిల్లీలీటర్ల మామూలు బీరులో ఐదు శాతం లెక్కన ఆల్కహాల్ సుమారు 32 మిల్లీలీటర్లు. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో 42.8 శాతం లెక్కన 77 మిల్లీలీటర్లు. దాదాపు అదే ధరకు రెట్టింపుకు మించిన మత్తు దొరుకుతుంటే, రోజంతా ఇటుకలు మోసి ఒళ్లు హూనమైన కూలీ ఏది కొంటాడు? సాయంత్రం మా కూకట్‌పల్లిలో చూడండి. కూలి డబ్బు ఇంకా చేతిలోనే ఉంటుంది, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లయినా సరిగా కలపకుండా నిలబడే గొంతులో పోసుకుంటారు.

అదీ కొనలేనివాళ్లకు కల్లు కాంపౌండే దిక్కు. 2025 జులైలో ఇక్కడే కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటైనవారికి ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ వస్తాయి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా వెళ్లే పని లేకుండా వీళ్లకు బస్తీ దవాఖానాల్లోనే చికిత్స మొదలుపెట్టాలి.