కాన్‌స్ట్ మొగుడు, పుష్ పెళ్లాం

(ఇంటిపనుల జాబితా కోసం జావాస్క్రిప్ట్‌లో ఓ పేజీ. రాసింది ఆయన, వాడేది ఆవిడ. గొడవంతా అక్కడే.)

రమణ: సుజాతా, పొద్దున ఈ అర్రేలో, అదే నా పనుల జాబితాలో, రెండే పనులున్నాయి, ఇప్పుడు మూడయ్యాయేంటి? పైన కాన్‌స్ట్ అని రాసి మరీ వెళ్లాను కదా!

సుజాత: రాశారు, చూశాను, అయినా పుష్ కొట్టాను. బూజు దులపడం వెళ్లి చివర్న కూర్చుంది. కాన్‌స్ట్ అంటే ఆ పేరుకి ఇంకో అర్రేని అంటగట్టకూడదనే గానీ, ఉన్నదాంట్లో ఏమీ వేయకూడదని కాదండీ.

రమణ: అయితే కాన్‌స్ట్ తీసేసి, పేరుకి ఏదైనా అంటగట్టనిచ్చే లెట్ పెడుతున్నా, నేనూ ఒకటి వేస్తా. పనులు = పనులు.పుష్("నిద్ర"). ఇదేంటి, పనులు ఏవే అంటే 4 అంటోంది?

సుజాత: పుష్ తిరిగిచ్చేది కొత్త లెంగ్త్, అంటే ఇప్పుడు ఎన్ని ఉన్నాయో ఆ లెక్క. దాన్ని తెచ్చి జాబితా పేరుకే అంటించారు. ఇక మళ్లీ పుష్ అంటే "పుష్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని తిడుతుంది, అంకెకి పుష్ ఎక్కడిది?

రమణ: అంటే ఇక నాకు పని చెప్పలేవా? అలాగే ఉంచవే, ఎంత ప్రశాంతంగా ఉందో.

సుజాత: మీరు మార్చినవన్నీ తీసేసి రీఫ్రెష్ కొట్టాను. కాన్‌స్టూ వచ్చింది, మూడు పనులూ వచ్చాయి. ఈసారి అన్‌షిఫ్ట్‌తో కుళాయి బాగుచేయడం వేశా, అది సున్నాలో, అంటే మొదటి గడిలో, కూర్చుని మిగతావాటిని తలా ఒక గడి వెనక్కి జరిపింది. ముందు అది చూడండి.

రమణ: చూస్తా, చూస్తా. ఇదిగో, ఆదివారానికి నువ్వు చెప్పిన మూడూ కలిపి ఒక చిన్న అర్రే చేసి పుష్ చేశా. లెంగ్త్ చూడు, 4 కాస్తా 5. పెరిగింది ఒక్క పనే!

సుజాత: పుష్ ఆ మూట విప్పదని తెలిసే చేశారు కదూ? ముందు మూడు చుక్కలు పెట్టుంటే విడివిడిగా పడేవి. పోనీ కాంక్యాట్ అన్నా వాడాల్సింది, అది విప్పుతుంది, కాకపోతే కొత్త అర్రే ఇచ్చి పాతదాన్ని ముట్టుకోదు.

రమణ: ముట్టుకోకపోవడమే నాక్కావాలి. ఆబ్జెక్ట్.ఫ్రీజ్(పనులు). జాబితాని ఇక ఎవరూ మార్చలేరు. ఇప్పుడు కొట్టు నీ పుష్!

సుజాత: (కొట్టి) టైప్ ఎర్రర్.

రమణ: హమ్మయ్య.

సుజాత: ఆగండి, ఫ్రీజ్ పైపైనే. లోపల మీరు దాచిన మూటకి అది అంటదు. ఆ మూట ఉన్నది సున్నా నుంచి లెక్కిస్తే 4వ గడిలో. పనులు[4].పుష్("బాత్రూమ్ కడగడం"). ఆఁ, పడింది.

రమణ: అన్యాయం!

సుజాత: అన్యాయమేముంది, లెంగ్త్ ఇంకా 5 గానే ఉంది చూడండి. మీ లెక్కన మీకు ఒక్క పని కూడా పెరగలేదు.